బైకు మీద మస్కట్ నుంచి సలాలాకి: వెయ్యి కిలోమీటర్ల ఎడారి దారి

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ దగ్గర సలాలా పేరెత్తితే చాలు, మొహాలు వెలిగిపోతాయి. జులైలో దుబాయ్, దోహా, మస్కట్ అన్నీ పెనంలా కాలుతుంటే, ఒమాన్ దక్షిణ కొసన ఉన్న సలాలాలో మాత్రం సన్నటి తుంపర, పచ్చటి కొండలు, పాతిక డిగ్రీల చల్లదనం! రోడ్డు పక్క బండ్ల మీద కొబ్బరి బోండాలు, అరటి గెలలు వేలాడుతుంటే ఒక్క క్షణం కోనసీమకి వచ్చామా అనిపిస్తుంది. అందుకే ఏటా ఎన్నో తెలుగు కుటుంబాలు కార్లలో బయలుదేరతాయి. ఈ మధ్య బైకుల మీద వెళ్ళే కుర్రాళ్ళు కూడా బాగా పెరిగారు.

నేను మస్కట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ దారిలో కారులో చాలాసార్లు, బైకు మీద రెండుసార్లు వెళ్ళాను. అమెరికాలోనూ, ఇంగ్లాండులోనూ ఉన్న మిత్రులు ఫొటోలు చూసి "మేం వస్తే మమ్మల్నీ తీసుకెళ్తావా?" అని అడుగుతుంటారు. వాళ్ళకి విడివిడిగా చెప్పేదంతా ఒకచోట పెడదామనే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. ఎడారి రోడ్డు అనగానే ఇసుక తిన్నెలు, గతుకులు, దారి తప్పడం గుర్తొస్తాయి కదా! ఇక్కడ అవేవీ లేవు. రోడ్డు చక్కగా, నున్నగా, తిన్నగా ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఏమీ జరగని దారిలో మనిషి జాగ్రత్త సడలిపోతుంది. ఖరీఫ్ నెలల్లో ఈ దారిలో ప్రమాదాల వార్తలు వినని ఏడాది అరుదు.

దూరం ఎంత?

మస్కట్ నుంచి నిజ్వా, ఆదం, హైమా, తుమ్రైత్ మీదుగా సలాలా సుమారు వెయ్యి కిలోమీటర్లు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, అంటే ఆంధ్ర కోస్తా మొత్తం. ఆ దారిలో మనకి శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వస్తాయి. అడుగడుగునా టీ కొట్టు, పంక్చర్ షాపు, గుడి, బడి.

ఇక్కడ ఆదం దాటాక తుమ్రైత్ వచ్చేదాకా సుమారు ఏడు వందల కిలోమీటర్లలో ఊరని చెప్పదగ్గది హైమా ఒక్కటే. మధ్యలో గాబా, గఫ్తైన్, ఖత్‌బిత్ లాంటి మజిలీలు ఉన్నాయి. మజిలీ అంటే ఒక పెట్రోలు బంకు, ఒక మసీదు, ఒక కాఫీ షాపు, అంతే. ఆ కాఫీ షాపులు నడిపేది చాలావరకు కేరళ వాళ్ళు. పరోటా, ఆమ్లెట్, కరక్ చాయ్ ఎప్పుడూ దొరుకుతాయి. మిగతాదంతా గులకరాళ్ళు పరిచినట్టుండే బల్లపరుపు నేల. దీన్ని జిద్దత్ అల్ హరాసిస్ అంటారు. అక్కడ ఒంటెలు, మేకలు కాసుకునే హరాసిస్ తెగ పేరు మీద వచ్చిన పేరది.

1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమాన్ దేశం మొత్తం మీద ఉన్న తారు రోడ్డు పది కిలోమీటర్లు మాత్రమేనంటే నమ్మబుద్ధి కాదు. అంతకుముందు ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళాలంటే ఓడ ఎక్కాలి, లేదా ఒంటెని నమ్ముకోవాలి. 1930 డిసెంబరులో బెర్‌ట్రామ్ థామస్ అనే ఆంగ్లేయుడు సలాలా నుంచి ఒంటెల మీద బయలుదేరి, రబ్ అల్ ఖాలీ మహా ఎడారిని దాటి దోహా చేరడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఈనాడు మనం సలాలాకి రెండు రోజుల్లో చేరిపోతున్నాం. దానికి కారణం ఈ రోడ్డే. ఇప్పుడు దీన్ని దశలవారీగా డబుల్ రోడ్డుగా మారుస్తున్నారు. ఆ పని పూర్తికాని చోట్ల ఎదురు వాహనాలతో ఒకే రోడ్డు మీద వెళ్ళాల్సి ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు తాజా పరిస్థితి కనుక్కోండి.

రెండు కాలాల పేచీ

సలాలాలో వానాకాలాన్ని ఖరీఫ్ అంటారు. మన రైతులు చెప్పే ఖరీఫ్ పంటలోని మాటే ఇది. అరబ్బీలో దీనికి అర్థం శరదృతువు. మాట ఒకటే, గాలీ ఒకటే! మన పొలాలు తడిపే నైరుతి ఋతుపవనాలే దోఫార్ తీరాన్ని కూడా రాసుకుంటూ వెళ్తాయి. ఆ గాలి తాకిడికి సముద్రం అడుగున ఉన్న చల్లటి నీరు పైకి వస్తుంది. చల్లటి నీటి మీదుగా వచ్చిన తేమ గాలి మంచుపొగలా మారి, సలాలా వెనక ఉన్న కొండలకి తగిలి ఆగుతుంది. పైన ఎడారి నుంచి వచ్చే వేడి పొడి గాలి మూతలా కప్పేసి దాన్ని పైకి పోనివ్వదు. అందుకే సలాలాలో కుండపోత వాన ఉండదు. నెలల తరబడి తుంపర, పొగమంచు, అంతే. కొండకి ఇవతల పచ్చిక, అవతల ఎడారి.

అధికారికంగా ఖరీఫ్ జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా. సరిగ్గా అవే రోజుల్లో, అక్కడికి చేర్చే ఎడారి దారి మండిపోతూ ఉంటుంది. నడి ఎడారిలో 45 డిగ్రీలు దాటడం మామూలే. అంటే సలాలా ఎప్పుడు బాగుంటుందో, సలాలా రోడ్డు అప్పుడే అధ్వాన్నంగా ఉంటుంది. కారులో ఏసీ వేసుకుని కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి తెలియదు. బైకు మీద వెళ్ళేవాడికి ప్రయాణమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒమాన్ ప్రభుత్వం జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట కూలి పని చేయించకూడదని నిబంధన పెట్టింది. ఎండకి అలవాటు పడ్డ మన కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల మేస్త్రీలకే ఆ వేళ పని వద్దన్నారు. మరి రోజంతా ఏసీ గదిలో కీబోర్డు కొట్టే మనం అదే వేళ హెల్మెట్, జాకెట్ తొడుక్కుని ఎడారిలో ఎందుకు పడాలి? నా సలహా సూటిగా చెప్తాను. పచ్చదనం చూడాలంటే విమానం ఎక్కండి, గంటన్నరలో సలాలాలో ఉంటారు. రోడ్డు చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో బండి తీయండి. రెండూ కావాలంటే సెప్టెంబరు ఆఖరి వారంలో వెళ్ళండి. కొండల మీద పచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది. కానీ ఎడారిలో వేడి పూర్తిగా తగ్గదు కాబట్టి తెల్లవారుజామున బయలుదేరి పదకొండుకల్లా నీడకి చేరేలా చూసుకోవాలి.

గాలి చల్లబరచదు, కాలుస్తుంది

మన ఊళ్ళో ఎంత ఎండైనా బండి కదిలితే హాయిగా ఉంటుంది. ఆ అలవాటే ఇక్కడ మోసం చేస్తుంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు వేగం పెరిగేకొద్దీ ఒళ్ళు చల్లబడుతుంది. గాలి 42 డిగ్రీలు ఉంటే లెక్క తిరగబడుతుంది. ఎంత వేగంగా వెళ్తే అంత వేడి ఒంట్లోకి ఎక్కుతుంది, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ ముందు కూర్చున్నట్టు.

అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. చెమట ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. కానీ ఆ పొడి గాలికి అది పుట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. చొక్కా తడవదు. దాంతో "నాకు చెమటే పట్టడం లేదు" అనుకుని నీళ్ళు తాగడం మరిచిపోతారు. ఈలోగా గంటకి లీటరు దాకా నీరు పోతూనే ఉంటుంది.

కాబట్టి ఎండలో జాకెట్ తీసేయడం తప్పు. ఒళ్ళంతా కప్పుకోవాలి. బెదూయిన్లు నిండుగా బట్టలు కట్టుకునేదీ, మన రైతులు తలకి తువ్వాలు చుట్టేదీ ఇందుకే. లోపలి బనీను, మెడకి చుట్టిన గుడ్డ ప్రతి మజిలీలోనూ తడుపుకోండి. మనిషికి అయిదారు లీటర్ల నీళ్ళు బండి మీద ఉండాలి. దాహం వేసినా వేయకపోయినా ఆగిన ప్రతిచోటా తాగాలి. ఉత్త నీళ్ళు చాలవు, ఉప్పు కూడా కావాలి. ఓఆర్ఎస్ పొట్లాలు జేబులో పెట్టుకోండి. అన్నిటికంటే మంచి మందు ఇక్కడ ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. పేరు లబన్, అంటే మన మజ్జిగే!

తలనొప్పి, చిరాకు, మాట తడబడటం మొదలైతే ఇక ఒక్క కిలోమీటరు కూడా వద్దు. ఏసీ ఉన్న కాఫీ షాపులో కూర్చుని ఒళ్ళు తడుపుకోండి. మనిషి అయోమయంగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 9999కి ఫోన్ చేయాలి. పోలీసు, అంబులెన్సు అన్నిటికీ అదే నంబరు. నీళ్ళు పోసి, విసిరి చల్లబరచడం మాత్రం సాయం వచ్చేదాకా ఆపొద్దు.

వేగం, పెట్రోలు లెక్క

హైవే మీద పరిమితి సాధారణంగా గంటకి 120. రోడ్డు ఖాళీగా ఉంటుంది, చెయ్యి దానంతటదే మెలితిరుగుతుంది. అయితే గాలి అడ్డుకునే బలం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుందని ఇంటర్‌లో చదువుకున్నాం కదా! 90 మీద వెళ్ళే బండికంటే 120 మీద వెళ్ళే బండి మీద గాలి ఒత్తిడి దాదాపు 80 శాతం ఎక్కువ. ఇక ఎదురుగాలి కూడా తోడైతే మైలేజీ ఎక్కడికో పడిపోతుంది. ఉదాహరణకి 13 లీటర్ల ట్యాంకు ఉన్న 350 సీసీ బండి తీసుకోండి. నెమ్మదిగా నడిపితే లీటరుకి 35 ఇచ్చేది 25 ఇవ్వొచ్చు. కాగితం మీద 450 కిలోమీటర్లు రావాల్సిన ట్యాంకు 325కే ఖాళీ అవుతుందన్నమాట.

అందుకే సూత్రం ఒక్కటే: కనిపించిన ప్రతి బంకులోనూ నింపండి. సగం ట్యాంకు ఉందని దాటిపోవద్దు. తర్వాతి బంకులో పెట్రోలు అయిపోయి ఉండొచ్చు, కరెంటు లేకపోవచ్చు. పైగా ఆ వంకతో బండి దిగుతాం, నీళ్ళు తాగుతాం, నాలుగు అడుగులు వేస్తాం. గంట, గంటంబావుకి ఒకసారి దిగితే తిన్నటి రోడ్డు మీద పట్టే ఆ కళ్ళు తెరిచిన నిద్ర కూడా దరిచేరదు.

పెద్ద ట్రైలర్లు ఎదురైనప్పుడు ఇంకో సంగతి. చమురు క్షేత్రాలకి సామాన్లు మోసే లారీలు ఈ దారి నిండా ఉంటాయి. ఎదురుగా వచ్చే లారీ ముందు గాలిని తోసుకుంటూ వస్తుంది. అది దాటగానే ఒక్కసారిగా పక్కకి లాగుతుంది. మీ లైనులో కుడి వైపు అంచుకి జరిగి, హ్యాండిల్ గట్టిగా బిగించకుండా, ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకోండి.

ఒంటె, హెడ్‌లైటు, 130 మీటర్లు

హైమా బంకు దగ్గర మా తెలుగు విని ఒక ట్రైలర్ డ్రైవరు పలకరించాడు. "ఏ ఊరండీ మనది?" కోనసీమ మనిషి. పదేళ్ళుగా ఈ రోడ్డు మీదే తిరుగుతున్నాడట. మాకు చాయ్ ఇప్పించి ఒక్కటే మాట చెప్పాడు: "పగలు ఎలాగైనా ఎళ్ళండి గానీ రాత్రిపూట మాత్రం కదలకండి బాబూ. ఒంటెకి హారన్ తెలీదండి, లైటూ తెలీదండి. రోడ్డు దానిదేనండి మరి."

ఆయన అనుభవంతో చెప్పినదాన్ని మనం లెక్క వేసి చూద్దాం. గంటకి 120 అంటే సెకనుకి 33 మీటర్లు. ఎదుట ఏదో ఉందని గ్రహించి బ్రేకు నొక్కడానికి సెకనున్నర. ఈలోగా 50 మీటర్లు పోయాం. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే బ్రేకు పట్టాక ఆగడానికి ఇంకో 80 మీటర్లు. మొత్తం 130. మామూలు డిమ్ లైటులో స్పష్టంగా కనిపించేది 50, 60 మీటర్లు. పైగా ఒంటె శరీరం ఆ వెలుగుకి పైన ఉంటుంది. మనకి కనిపించేది ఇసుక రంగులో ఉన్న నాలుగు సన్నటి కాళ్ళు. ఇదే లెక్కని వెనక్కి వేస్తే, డిమ్ లైటులో క్షేమంగా ఆగగలిగే వేగం సుమారు 70 అని తేలుతుంది. ఆ వేగంతో హైవే మీద వెళ్తే వెనకనుంచి వచ్చే లారీతో ప్రమాదం. అందుకే రాత్రి ప్రయాణానికి తెలివైన పద్ధతి అంటూ ఏదీ లేదు. చీకటి పడేసరికి గదిలో ఉండాలి. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే సూర్యుడు దిగిపోతాడని గుర్తుంచుకోండి.

పగలు కూడా ఒక ఒంటె కనిపిస్తే వెనక ఇంకో నాలుగు ఉన్నాయనే అనుకోవాలి. తల్లి రోడ్డు దాటితే పిల్ల తప్పకుండా వెంట పరుగెడుతుంది.

దారిలో చూడదగ్గవి

ఏమీ లేని నేల అనుకుంటాం గానీ ఈ జిద్దత్‌కి పెద్ద కథే ఉంది. పొడుగు కొమ్ముల తెల్లటి అరేబియన్ ఒరిక్స్‌లలో అడవిలో మిగిలిన చివరివాటిని 1972లో ఇక్కడే వేటగాళ్ళు చంపేశారు. జంతు ప్రదర్శనశాలల్లో పెంచినవాటిని తెచ్చి 1982లో మళ్ళీ ఈ నేలమీదే వదిలారు. 1994లో ఆ అభయారణ్యం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కానీ వేట ఆగలేదు. చమురు అన్వేషణ కోసం ప్రభుత్వం అభయారణ్యం విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించడంతో 2007లో యునెస్కో దాన్ని జాబితా నుంచి తీసేసింది. ఆ జాబితాలోంచి తొలగించిన మొట్టమొదటి స్థలం ఇదే. హైమా దాటి వెళ్తూ ఇరుపక్కలా చూసేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే ఆ ఖాళీ నేల వేరేలా కనిపిస్తుంది.

తుమ్రైత్ దాటాక సలాలాకి సుమారు 40 కిలోమీటర్ల ముందు వాదీ దౌకా వస్తుంది. సాంబ్రాణి చెట్ల తోట.  2000లో యునెస్కో గుర్తించిన సాంబ్రాణి దారుల స్థలాల్లో ఇదొకటి. బండి ఆపి కాసేపు నడవండి. బెరడు గీసిన చోట తెల్లగా కారి గడ్డకట్టిన బంక కనిపిస్తుంది.

చివరి 80 కిలోమీటర్లు

తుమ్రైత్ నుంచి సలాలా 80 కిలోమీటర్లే. వచ్చేశాం కదా అని ఊపిరి పీల్చుకునే ఈ చోటే మళ్ళీ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ రోడ్డు సముద్ర మట్టానికి దిగుతుంది. ఖరీఫ్‌లో అయితే మండుటెండ నుంచి కొన్ని నిమిషాల్లోనే పొగమంచులో పడతారు. ముందు బండి కనబడదు. హెల్మెట్ అద్దం లోపలా బయటా తడుస్తుంది. దుమ్ము, నూనె పేరుకున్న రోడ్డు తుంపరకి సబ్బులా జారుతుంది. మంచు మొదలవక ముందే ఆగి, అద్దం తుడుచుకుని, తక్కువ గేరులో దిగండి. వెయ్యి కిలోమీటర్లు తిన్నగా నడిపిన చేతికి మలుపులు తిప్పే అలవాటు కాస్త తప్పి ఉంటుంది.

బండి, కాగితాలు

చలికాలంలో నా పద్ధతి ఇది. మొదటి రోజు ఉదయం ఆరింటికి మస్కట్‌లో బయలుదేరి 160 కిలోమీటర్ల దూరంలో నిజ్వాలో టిఫిన్. ఆదం, గాబా మీదుగా మధ్యాహ్నం రెండు, మూడుకల్లా హైమా. అప్పటికి సుమారు 550 కిలోమీటర్లు అవుతాయి. రాత్రి అక్కడే బస. హైమాలో ఆసుపత్రి కూడా ఉంది. రెండో రోజు తెల్లవారాక బయలుదేరితే మధ్యాహ్నానికి తుమ్రైత్, మూడింటికి సలాలా. జనవరిలో ఎడారి తెల్లవారుజాము గజగజ వణికిస్తుంది, జాకెట్ కింద స్వెటర్ మరవద్దు.

టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడండి. వేడెక్కాక ఒత్తిడి పెరుగుతుంది. అది సహజం. ఎక్కువైందని మధ్యాహ్నం గాలి తీసేస్తే మర్నాటి ఉదయానికి తక్కువైపోతుంది. పంక్చర్ కిట్, చిన్న పంపు, క్లచ్ కేబులు, ఫ్యూజులు దగ్గర ఉండాలి. చైనుకి నూనె ఎక్కువ పూస్తే దుమ్ము పట్టి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. పలచగా రాసి తుడిచేయండి. మజిలీల మధ్యలో ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. మ్యాప్ ముందే ఫోన్లో దించుకోండి. ఏ మజిలీకి ఏ వేళకి చేరతారో ఇంట్లో చెప్పి, చేరగానే కబురు పెట్టండి.

ఒమాన్‌లో కారు లైసెన్సుతో మోటారుసైకిల్ నడపకూడదు. దానికి వేరే లైసెన్సు. ఎమిరేట్స్ నుంచి సొంత బండి తెచ్చుకునేవాళ్ళు ఒమాన్‌కి వర్తించే బీమా ఉందో లేదో చూసుకోవాలి. సరిహద్దులో అడుగుతారు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ చేసి చెప్పడం ఎంత ముఖ్యమో, మీ ఆరోగ్య బీమా బైకు ప్రమాదానికి వర్తిస్తుందో లేదో చదవడం కూడా అంతే ముఖ్యం.

ఈ దారి రుచి చూశాక ఇంకా పెద్దది కావాలనిపిస్తే, 2021 డిసెంబరులో రబ్ అల్ ఖాలీ గుండా ఒమాన్, సౌదీలని కలిపే కొత్త రోడ్డు తెరిచారు. ఇబ్రీ వైపు నుంచి సరిహద్దు దాకా సుమారు 160 కిలోమీటర్లు, ఆ తర్వాత సౌదీలో 560కి పైగా. అక్కడ నిజంగానే ఇసుక కొండల మధ్య నుంచి వెళ్తాం. దాని గురించి రాయాలంటే ముందు నేను వెళ్ళి రావాలి!

మస్కట్ వైపు వచ్చే ఆలోచన ఉన్నవాళ్ళు నవంబరు తర్వాతి సెలవులు చూసుకోండి. రెండు రోజులు వెళ్ళడానికి, రెండు రోజులు రావడానికి, మధ్యలో కనీసం రెండు రోజులు సలాలాలో. ఆరు రోజులు దొరక్కపోతే విమానంలో వెళ్ళి అక్కడే బండి సంగతి చూద్దాం. శుభ ప్రయాణం!